పొయ్యి గట్టెక్కింది

నవంబరు 10, సోమవారం

కొత్త డైరీ. బైండింగు వంకరగా వచ్చిందని నేను పనిచేసే ప్రెస్సులో శేషాద్రి సార్ మూలకు పడేసింది. వంకర డైరీలో తిన్నని నిర్ణయం రాయబోతున్నాను.

విషయం ఇది. కోడుమూరులో అమ్మమ్మకు కంటి ఆపరేషన్. అమ్మ నెల రోజులు అక్కడే. నాన్న పత్తి లారీ మీద ఉంటాడు, వచ్చినప్పుడే వచ్చినట్టు. ఆదోనిలో మిగిలింది తాత, అవ్వ, నేను. వంట అవ్వ మీద పడింది. అవ్వ ఎడమ మోకాలు ఇప్పటికే ముంతంత ఉంది.

అమ్మ బస్సెక్కిందో లేదో, అవ్వ పక్కింటి నాగమ్మక్కను పిలిచి, గట్టు మీదున్న గ్యాస్ పొయ్యిని నేల మీదికి దింపించింది. కింద కూచుని జొన్నరొట్టెలు తట్టింది. కూచున్నంతసేపూ మహారాణి. లేవాలంటేనే గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, చివరికి దేవుణ్ణి పట్టుకుని లేస్తుంది. మా ఇంట్లో రొట్టె పెనం మీంచి నేరుగా కంచంలో పడాలి. చల్లారితే తాత ముట్టడు. తాత కంచం ఏమో ముందు గదిలో! రొట్టె కాలగానే అవ్వ లేస్తుంది, వేసి వస్తుంది, కూచుంటుంది. "కారం" అంటాడు. లేస్తుంది. "నీళ్ళు" అంటాడు. లేస్తుంది. వంటింటి గడప దాటితే మీసం రాలిపోతుందని తాత భయం కాబోలు.

నాకూ అలాగే తెచ్చి వేసింది. నేనూ తిన్నాను. కానీ నాకు సిగ్గేసింది. తాతకు వేయలేదు. తేడా అదీ!

మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి శారదత్త ఫోన్. నాన్నకు అక్క. ఫోన్‌లో మాట్లాడినా వీధంతా వినిపిస్తుంది.

"రేయ్ తిరుపాలా, అమ్మకు మోకాలు మళ్ళ వాసిందంట గదా. ఇరవై మూడో తారీకు ఆదివారం వస్తాండా. అలిసిపోయినట్ల కనపడిందో, ఈడికి తీసకపోతా. పోయినసారి మాదిరి వారానికే పంపీను. సెప్తాండా!"

అవ్వ ఫోన్ లాక్కుంది. "బిడ్డింట్ల కూచోని తినేకి నాకేం పట్టిందమ్మా? నా పొయ్యి నాకుండ్లా!"

పెట్టేశాక రెండు చెంబుల నీళ్ళు తాగింది. పోయినసారి అక్కడ ఆమెను పొయ్యి దగ్గరికే రానివ్వలేదట. పొద్దస్తమానం టీవీ ముందు మెత్త కుర్చీలో కూచోబెట్టారట. అవ్వ ఆ వారం గురించి చెబుతుంటే జైలు నుంచి వచ్చిన మనిషి చెప్పినట్టే ఉంటుంది.

నా రక్తం ఉడికింది. ప్రెస్సులో జనం అచ్చేయించుకుని తీసుకుపోని కరపత్రాల కట్టలు బోలెడు. అన్నీ చదివాను. డిగ్రీలో చదివిన దానికన్నా అది ఎక్కువ. 'వంటింటి చాకిరీ నశించాలి' మూడుసార్లు. 'ముదిమిలో మోకాళ్ళు' రెండుసార్లు.

ప్రతిజ్ఞ: రేపటి నుంచి ఈ ఇంట్లో అవ్వ వంట చేసి అలసిపోదు. పొయ్యి ఆమెదే, అలుపు మాత్రం ఉండదు. అత్త వచ్చి చూసి, చేతులూపుకుంటూ వెనక్కి పోవాలి. ఇది తిరుపాల్ మాట!

నవంబరు 11, మంగళవారం

సంస్కరణలు మొదలు.

ఒకటి: పొయ్యి గట్టెక్కాలి. నేల మీద వంగి వండటం బానిసల కాలం నాటిది.
రెండు: ఎత్తు స్టూలు. టీ అంగడి ఏసన్నను అడిగి తెచ్చాను. ఒక కాలు పొట్టి. కింద కరపత్రం మడిచి పెట్టాను. (చదివిందే.)
మూడు: పూటకు ఒకటే వంట.
నాలుగు: కూరగాయలు వారానికి సరిపడా ఒకేసారి కోసి పెట్టుకోవడం.
ఐదు: తాతలో చైతన్యం. (దీనికి టైం పడుతుంది.)

పొయ్యిని నేనొక్కణ్ణే ఎత్తి గట్టు మీద పెట్టాను. అవ్వను స్టూలెక్కించాను.

"గుర్రమెక్కినట్లుంది గదప్పా! ఇంత ఎత్తులో రొట్టెకు బలమెట్ల వస్తాది?"

"అలవాటవుతుంది అవ్వా. ఏ మార్పైనా మొదట్లో నొప్పిగానే ఉంటుంది."

"నొప్పి నా మోకాలిది. మార్పుకేం నొప్పి?"

అవ్వకు వెటకారం ఎక్కువ. మొదటి రొట్టె గుండ్రంగా రాలేదు. రెండోదీ రాలేదు. తాత కంచంలోకి వంగి చూశాడు.

"ఇదేందిరా, రొట్టెనా, ఆదోని కొండనా?"

పాత సమాజం ఇలాగే ఎగతాళి చేస్తుంది. రాసుకున్నాను.

నవంబరు 12, బుధవారం

అరలో డబ్బాలను శాస్త్రీయంగా సర్దాను. ఎక్కువ వాడేవి ముందు, తక్కువ వాడేవి వెనక. ప్రతి దానికీ ప్రెస్సు నుంచి తెచ్చిన కాగితం మీద పెద్దక్షరాలతో పేరు. అందంగా ఉంది. ఫోటో తీశాను.

అవ్వ నలభై ఏళ్ళుగా సొట్ట డబ్బాలో చక్కెర పోస్తుందట. నేను సొట్ట డబ్బాలో ఉప్పు పోశాను. బయట 'ఉప్పు' అని రాసే ఉంది! ఎవరూ చదవకపోతే నేనేం చేసేది?

తాత టీ ఒక గుక్క తాగాడు. నా వైపు చూస్తూ గ్లాసు మెల్లగా తులసి చెట్టు మొదట్లో వంచేశాడు.

నవంబరు 14, శుక్రవారం

కూరగాయల కార్యక్రమం. నిన్న సాయంత్రం వంకాయలు, బెండకాయలు, గోరుచిక్కుడు, పుండుకూర అన్నీ కోసి డబ్బాల్లో పెట్టాను. వేలు తెగింది. రక్తం లేకుండా ఏ మార్పూ రాదు.

పొద్దున్నకే వంకాయలు నల్లబడ్డాయి. బెండకాయలు జిగట. పుండుకూర చెప్పుకోలేను. పారేద్దామన్నాను.

"పారేసేకి నువ్వు పండించినావా?" అని అవ్వ స్టూలు పక్కకు తన్నేసింది. గట్టు ముందు నిలబడి, ఒక్క పొద్దున నాలుగు కూరలు వండింది. నాలుగు! నాలుగో సంస్కరణ మూడో సంస్కరణను మింగేసింది.

ఇది తాత్కాలికం.

నాగమ్మక్క కూర గిన్నె తీసుకుపోతూ, "ఏమత్తా, ఇంట్ల పెండ్లా?" అని అడిగింది. ఆమెకు నోరెక్కువ. గమనిస్తున్నాను.

నవంబరు 16, ఆదివారం

మా అధ్యయన వేదిక సమావేశం. సభ్యులు నేను, బసవన్న, టీ ఉంటే వచ్చే మరో ముగ్గురు. ఈ వారం అంశం: 'వృద్ధుల వంటింటి శ్రమ, నివారణ మార్గాలు'. మా ఇంట్లోనే పెట్టాను. ఆదర్శ వంటింటిని కళ్ళారా చూస్తారని.

గట్టు చూపించాను. స్టూలు చూపించాను. డబ్బాల పేర్లు చదివి వినిపించాను. అందరూ తలలూపారు.

బసవన్న అన్నాడు: "అంతా బాగుందన్నా. వంటిల్లు సూసినాము. వంట సూడొద్దా?"

అవ్వకు ఇలాంటి మాట పడితే చాలు. బొరుగులు నానేసింది. ఉగ్గాని కలిపింది. మిరపకాయ బజ్జీలకు నూనె పెట్టింది. మేం ముందు గదిలో గంటన్నర చర్చించాం. ముసలివాళ్ళను నిలబెట్టి వండించే సమాజాన్ని తీవ్రంగా ఖండించాం. తీర్మానం ఏకగ్రీవం. బజ్జీలు రెండో వాయి కూడా వచ్చాయి. టీ రెండుసార్లు.

వెళ్తూ బసవన్న అవ్వ కాళ్ళకు మొక్కాడు. "ఇట్లాంటి మీటింగులు వారం వారం పెట్టల్లవ్వా."

సాయంత్రం అవ్వ మోకాలికి నూనె రుద్దుకుంటోంది. మోకాలు ముంత దాటి కడవ అయింది. మీటింగు మధ్యలో ఎవరైనా ఆమెను ఒక్కసారి కూచోమని ఉండాల్సింది.

అధ్యక్షుణ్ణి నేనే.

నవంబరు 17, సోమవారం

చిన్న చిన్న సంస్కరణలతో లాభం లేదు. మొత్తం మార్చాలి! ఈ రోజు నుంచి అవ్వకు వంటింటి నుంచి పూర్తి సెలవు. నేనే వండుతాను. ఒకే కుక్కరు, ఒకే వంట, పప్పన్నం. మగవాడు వండితే ఆకాశం ఊడిపడదు.

అవ్వ గడప దగ్గర నిలబడి చూసింది. "నిప్పు సిన్నగ పెట్టు... ఆ సట్టి కాదప్పా... సరేలే, నీ ఇష్టం."

కుక్కరు ఎన్ని కూతలు కూసిందో లెక్క తప్పింది. పప్పు కింద అంటుకుంది, అన్నం పైన పలుకు. రెండూ ఒకే కుక్కర్లో ఎలా సాధ్యమో పరిశోధించాలి.

తాత ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"ఈ పొద్దు ఏకాదశి అనుకుంటాలే."

ఏకాదశి మొన్ననే పోయింది.

నవంబరు 18, మంగళవారం

వంట ముగించి ప్రెస్సుకు పోయేసరికి ఆలస్యం. శేషాద్రి సార్ ఒక పెళ్ళికార్డు ఎత్తి వెలుతురులో పట్టుకుని చూస్తున్నాడు.

"ఏమయ్యా తిరుపాలూ, వరుని పేరు మీద ఈ బొటనవేలెవరిది?"

పసుపు. నాదే. పప్పులోది.

"కొత్త కార్డు వేస్తాను సార్."

"వద్దులే, శుభకార్యమే గదా. పిల్లోనికి ముందుగానే నలుగు పెట్టినావు." నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "ఇంట్ల వంట నువ్వు జేస్తాండావంట. అది మంచిదే. ఈడ పని గూడ ఎవురన్నా జేస్తే ఇంకా మంచిది."

యజమానులు ఎప్పుడూ ఇంతే.

నవంబరు 19, బుధవారం

విజయం!!

ఈ రోజు పప్పన్నం కుదిరింది. కుదరకపోయినా తాత గొణగలేదు! నిన్న కూడా గొణగలేదు. పప్పన్నం రెండు ముద్దలు తిని, "సాలు" అన్నాడు. అవ్వ కూడా అంతే. వయసు పైబడితే ఆకలి తగ్గుతుందని 'ముదిమిలో మోకాళ్ళు' ఆరో పేజీలో స్పష్టంగా ఉంది.

అవ్వ ముఖంలో కళ వచ్చింది. పని లేదు కాబట్టి నేను లేవకముందే నాగమ్మక్క ఇంటికి ముచ్చట్లకు పోతోంది. కాసేపటికి తాత కూడా అక్కడికే, పేపరు చదువుకోవడానికి. కళ్ళద్దాలు మాత్రం ఇంట్లోనే మరిచిపోతున్నాడు. పోనీలే, మనుషుల్లో కలుస్తున్నారు. శ్రమ తగ్గితే సామాజిక జీవితం పెరుగుతుంది. బసవన్నకు చెప్పాలి.

ఒక చిన్న సంగతి. జొన్నపిండి డబ్బా తేలికైపోతోంది. ఎలుకలు. మందు తేవాలి.

నవంబరు 21, శుక్రవారం

ఒంట్లో బాగాలేదు. నిలబడి వండితే నడుం పట్టేస్తోంది. (అవ్వ ఇది ఎలా చేసేదో!) ఈ రోజు హోటల్ నుంచి ఉగ్గాని, బజ్జి. ఇది ఓటమి కాదు, వ్యూహం.

అవ్వ, తాత వద్దన్నారు. ఆకలి లేదట. నేనే తిన్నాను, మూడు పొట్లాలూ.

ఎలుకల మందు మరిచిపోయాను.

నవంబరు 22, శనివారం

రేపు అత్త వస్తుంది. ఇల్లు ఊడ్చాను. గట్టు కడిగాను. స్టూలు కింద కొత్త కరపత్రం పెట్టాను. అవ్వను కుర్చీలో కూచోబెట్టి, 'అలుపు లేదు' అని ఎలా చెప్పాలో రెండుసార్లు నేర్పించాను.

"అలుపు లేదప్పా, లేదంటే లేదు," అంది. నిజంగానే చెప్పినట్టుంది. గర్వంగా ఉంది.

నవంబరు 23, ఆదివారం

రాయాలని లేదు. కానీ రాయాలి. నిజాయితీ.

అత్త మొదటి బస్సుకే వచ్చింది. నేను నిద్రలో ఉన్నాను. దుప్పటి లాగింది.

"మీ అవ్వ యాడరా?"

"నాగమ్మక్క ఇంట్లో. ముచ్చట్లకు పోయింది."

"ఇంత పొద్దున్నే ఏం ముచ్చట?"

అప్పుడు వినిపించింది. పక్కింటి నుంచి. పట్, పట్, పట్. పీట మీద రొట్టె తడుతున్న చప్పుడు. రోజూ నిద్రలో వింటూనే ఉన్నాను, ఇల్లు ఎవరిదో ఎప్పుడూ ఆలోచించలేదు.

అత్త ముందు, నేను వెనక. నాగమ్మక్క ఇంటి మెట్లు ఎత్తు. మోకాలెత్తు బండలు. లోపల వంటింట్లో, నేల మీద పొయ్యి. పొయ్యి ముందు అవ్వ. పిండి మా డబ్బాలోది. ముందు గదిలో తాత కంచం, కంచంలో రొట్టె, రొట్టె మీద గురెళ్ళకారం. అవ్వ అప్పుడే వేసి, గోడ పట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతోంది.

అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంటికమ్మా? మనింట్ల పొయ్యి లేదా, ఎవురింట్లనో తడ్తాండావు?"

అవ్వ తల ఎత్తలేదు. "ఈడ పొయ్యి కిందుందమ్మా."

నాగమ్మక్క ఊరుకుంటుందా! "మీ మేనల్లుడు ముసిలమ్మను పని సేయొద్దన్యాడు శారదమ్మా. అందుకే పాపం దినామూ ఈ మెట్లెక్కి వచ్చి సేసుకోని పోతాది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇది కుట్ర!" అని అరిచాను. తాత మీద అరిచాను. గడప దాటని మగతనం మీద అరిచాను. నాగమ్మక్క మీద, మెట్లు ఇంత ఎత్తుగా కట్టిన మేస్త్రీ మీద కూడా అరిచాను. తాత మాత్రం కంచంలో ఉన్న రొట్టె ముగించాడు. చల్లారుతుందని.

ఇంటికి పోదామని అవ్వ మెట్టు దిగబోయింది. మోకాలు మొరాయించింది. అక్కడే బండ మీద కూలబడింది. పడలేదు, కూలబడింది. కానీ అత్త చూసింది.

"సాలు. సంచి సర్దు."

అవ్వ నా వైపు చూసింది. ఏదో అంటానని. ఇంతసేపు ఇంత అరిచిన నోరు అప్పుడు పని చేయలేదు.

పది గంటల బస్సుకు పోయారు.

నవంబరు 24, సోమవారం

ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

తాత వాకిట్లో కూచుని ఉన్నాడు. నేను వచ్చి పక్కన కూచున్నాను. అన్నాడు:

"మీ సంఘం గెల్సిందిరా. ఇంట్ల ఎవురూ అలిసిపోతాలేరు."

తినడానికి బొరుగులు. పొడివి.

నవంబరు 25, మంగళవారం

అత్త ఫోన్: "బంగారు మాదిరి సూసుకుంటాండాము. కాలు కింద పెట్టనీయము."

వెనక నుంచి ఫోన్ అవ్వ చేతికి మారినట్టుంది. గుసగుసగా:

"అప్పా, టీవీల ఒగామె వంట సేస్తాండాది. పొద్దున్నుంచి అదే సూస్తాండా. ఉప్పెక్కువేసింది. సెప్పినా ఇంటలేదు."

"అవ్వా..."

"వచ్చి నన్ను తీసకపో నాయనా. నేను అలిసిపోయినా. ఊరకుండి ఊరకుండి అలిసిపోయినా."

కట్ అయింది.

'వంటింటి చాకిరీ నశించాలి' మళ్ళీ తీసి చదివాను. చివరి పేజీలో గమ్యం రాసి ఉంది: వృద్ధులకు సంపూర్ణ విశ్రాంతి. అత్త ఇంట్లో జరుగుతున్నది అక్షరాలా అదే. గమ్యం చేరాక మనిషి ఫోన్ చేసి తీసుకుపొమ్మంటుందని ఏ పేజీలోనూ లేదు. వెనక అట్ట మీద కూడా చూశాను. అక్కడ ప్రెస్సు పేరుంది. మాదే.

నవంబరు 27, గురువారం

శేషాద్రి సార్‌ను సెలవడిగాను. "మళ్ళ వంటనా?" అన్నాడు. "కాదు సార్, వంటమనిషిని తెచ్చుకోవాలి," అన్నాను. ఇచ్చాడు.

పోయే ముందు పొయ్యి గట్టు మీంచి దింపాను. తాత ముందు గదిలోంచే చూస్తున్నాడు, గడప అవతలి నుంచి.

"ఎక్కిచ్చిందీ నువ్వే, దించేదీ నువ్వే. నడుమ పాపం దానికి తిరుగుడు."

'దానికి' అంటే పొయ్యికో అవ్వకో అడగలేదు.

ఎమ్మిగనూరు. అత్త ఇల్లు. అవ్వ మెత్త కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంది. నన్ను చూడగానే లేవబోయింది. అత్త భుజం పట్టి కూచోబెట్టింది.

"యాడికి? మళ్ళ గుర్రం మీద కూచోబెట్టేకా?"

"లేదత్తా. పొయ్యి దించాను. కింద కూచునే చేసుకుంటుంది."

"కింద కూచుంటాది సరే. లేసేదెవురు? పిండి కావల్ల, నీళ్ళు కావల్ల, మీ తాత కంచంలోకి వేడివేడిగా రొట్టె ఏసి రావల్ల. దినామూ ఇరవైసార్లు లేస్తాదిరా ఆ కాలుతో. నువ్వు సూసినావా ఎప్పుడన్నా?"

చూశాను. పదో తారీకునే చూశాను. డైరీలో రాశాను కూడా. చూసి, పొయ్యిని పైకెత్తాను.

"నేను లేస్తాను," అన్నాను. "పక్కన కూచుని అన్నీ అందిస్తాను. రొట్టె కూడా నేనే తీసుకుపోయి వేస్తాను."

అత్త పగలబడి నవ్వింది. "అమ్మ ఐదుకంతా పొయ్యెలిగిస్తాది. నువ్వు ఐదుకి ఏ పక్కకు తిరిగి పడుకుంటావో సెప్పు!"

అవ్వ కలగజేసుకుంది. "వాడు లేస్తాడు లేమ్మా. లేయకుంటే నేను లేపుతా."

"సరే. మీ అమ్మ కోడుమూరు నుంచి వచ్చేదాక సూస్తా. ఒక్క పొద్దు అమ్మ లేసి తన సెంబు తానే తెచ్చుకునిందని తెలిసిందో, మళ్ళ ఈడికే. ఈసారి ఇంగ సంచి సర్దనీను."

బస్సులో అవ్వ దారంతా ఒకే మాట. "పెనం ఎవురన్నా తోమినారా?" ఎవరూ తోమలేదు. తోమామని చెప్పాను. "అబద్ధం," అంది.

నవంబరు 28, శుక్రవారం

లేచాను!!! సరే, అవ్వ గరిటతో పొడిచి లేపింది. అయినా లేచినట్టే.

పక్కన కూచున్నాను. పిండి. వేన్నీళ్ళు. బట్ట. పెనం దించడం. రొట్టెలు తాత కంచంలోకి మోయడం. అవ్వ ఒక్కసారి కూడా లేవలేదు. ఒక్కసారి కూడా! నేను లెక్కలేనన్నిసార్లు లేచాను. నా మోకాళ్ళు ఇప్పుడు ఒక కరపత్రానికి సరిపోతాయి.

అందిస్తూ నేను శ్రమ విభజన గురించి చెప్పాను.

"అప్పా, ఒక మాట."

"చెప్పవ్వా."

"మాట్లాడకుండ సెంబియ్యి."

నవంబరు 29, శనివారం

లేచాను. ఆవులిస్తూ ఉప్పు బదులు చక్కెర అందించాను. (సొట్ట డబ్బా. మళ్ళీ చక్కెరే పోసిందట. పేరు కాగితం ఇంకా 'ఉప్పు' అనే ఉంది. పీకేశాను.)

అందరికీ వేసి, అవ్వ చివరికి తింది. చల్లారినవి. ఇది మార్చాలి. ఎలాగో తెలియలేదు. ఏ కరపత్రంలోనూ వెతకలేదు.

డిసెంబరు 1, సోమవారం

నిన్న ఆదివారం. పోరాటానికి సెలవు లేదు గానీ పోరాడేవాడికి ఉంటుంది. అలారం ఆరుకు మార్చాను. అవ్వ ఆగింది నా కోసం. ఈ రోజు ఆరున్నర. ఈ రోజూ ఆగింది. తాత ముందు గదిలో నాలుగుసార్లు దగ్గాడు.

చలి బాగా పెరిగింది. దుప్పటి ఒక పాలకవర్గం.

డిసెంబరు 2, మంగళవారం

కళ్ళు తెరిచేసరికి ఎండ మంచం మీదికొచ్చింది. ఏడున్నర! అలారం ఎవరో ఆపేశారు. నేనే. మగతలో.

పట్, పట్, పట్.

మా ఇంట్లోంచే. అంటే అవ్వ ఒక్కతే మొదలుపెట్టింది. అంటే లేస్తోంది. చెంబు తానే తెచ్చుకుంటోంది. అత్తకు తెలిస్తే అయిపోయింది. నాగమ్మక్కకు తెలిస్తే అత్తకు తెలిసినట్టే. దుప్పటి కాళ్ళకు చుట్టుకుని పడబోతూ పరుగెత్తాను.

వంటింటి గడప దగ్గర ఆగిపోయాను.

పొయ్యి నేల మీద. పొయ్యి ముందు అవ్వ. పొయ్యి పక్కన ఏసన్న స్టూలు. స్టూలు మీద తాత! చెవులకు మఫ్లర్ చుట్టుకుని, ఒళ్ళో కంచం, చేతిలో చెంబు. నాకు తెలిసిన ఈ ఇరవై మూడేళ్ళలో ఆ గడప లోపల ఈ మనిషిని చూడలేదు. మీసం అలాగే ఉంది.

"తాతా... ఏం చేస్తున్నావు?"

"సలి కాగుతాండా."

గ్యాస్ పొయ్యి దగ్గర!

అవ్వ చెయ్యి చాపింది, అటు చూడకుండానే. "నీళ్ళు." తాత ఇచ్చాడు. "పిండి." తాత చక్కెర ఇచ్చాడు.

"పిండి అంటి!"

"పిండే అనుకున్యా. డబ్బా మీద పేరు ల్యాదు."

పేరు పీకింది నేనే.

అవ్వ రొట్టె పెనం మీంచి తీసి తాత కంచంలో వేసింది. లేవలేదు. చెయ్యి చాపితే కంచం అక్కడే ఉంది. తర్వాతది తట్టి, కాల్చి, తన కంచంలో వేసుకుంది. కొంచెం కారం, కొంచెం నూనె. తుంచుకుని ఊదుకుంటూ తింది. ఆవిర్లు వస్తున్న రొట్టెను అవ్వ తినడం నేను చూడటం ఇదే మొదటిసారి. పెనం ఖాళీగా ఉంది. తాత మూడో రొట్టె కోసం ఎదురుచూస్తూ చెంబు పట్టుకుని కూచున్నాడు. దగ్గలేదు కూడా.

"తాతా, లే. అది నా పని."

"నీ పనైతే ఐదుకు లేయల్ల. నా కడుపు నీ అలారం సూసి ఆకలవుతాదా?"

"నీకు చైతన్యం వచ్చిందా తాతా?"

"అదేందో నాకు తెల్దు. ఆయమ్మ ఎమ్మిగనూరికి పోతే మళ్ళ నీ పప్పన్నం తినల్ల. అది మాత్రం తెల్సు."

అంతలో అత్త ఫోన్. అవ్వ పిండి చేత్తోనే తీసుకుంది. "ఆ... తడ్తాండానమ్మా... లేదు, లేసేపనే ల్యా... ఎవురా? అందిచ్చేకి మా ఇంట్ల మొగోళ్ళుండారు లే."

మొగోళ్ళు! అందులో ఒకడు ఇప్పుడే నిద్ర లేచాడని అవ్వ చెప్పలేదు. నాకు ఒక రొట్టె వేసింది. మాడింది. తిన్నాను.

పన్నెండు కరపత్రాలు, ఒక తీర్మానం, ఒక అధ్యక్షుడు కలిసి చేయలేనిది ఒక అలారం ఆపేస్తే జరిగింది. దీని మీద వేదికలో చర్చ పెట్టాలి. (మా ఇంట్లో కాదు.)

అయినా ఇది నా ఉద్యమం. మొదలుపెట్టింది నేను. తాత వచ్చి స్టూలెక్కి కూచుంటే చూస్తూ ఊరుకోను. సాయంత్రం చెప్పాను, రేపు ఆ జాగా నాదేనని. తాత మీసం దువ్వుకుని అన్నాడు:

"స్టూలు ఒగటే ఉండాది. ముందు లేసినోనిది."

ప్రతిజ్ఞ: రేపటి నుంచి తాత కన్నా ముందు లేస్తాను. అలారం నాలుగున్నరకు. ఫోన్ మంచానికి దూరంగా, గట్టు మీద, పొయ్యి ఉండిన చోట. ఏసన్నను ఇంకో స్టూలు అడగాలి, ఈసారి నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నది.

ఇది తిరుపాల్ మాట!